బోయీల నడకతో చూసిన దేశం

పార్లమెంటు సమావేశాలు ముగియగానే రాజధాని విలేకరికి కొద్దిరోజులు తీరిక చిక్కుతుంది. ఆ తీరికను వినియోగించుకుని ఇటీవల పుదుచ్చేరి వెళ్లాను. తమ ప్రాంతానికి సంపూర్ణ రాష్ట్ర ప్రతిపత్తి కావాలని అక్కడి శాసనసభ అనేక పర్యాయాలు తీర్మానించింది. తీర్మానాలు ఢిల్లీ చేరుతూనే ఉన్నాయి. ఢిల్లీ వాటిని భద్రపరుస్తూనే ఉంది. ఈ వ్యవహారాన్ని మంత్రిత్వశాఖల వరండాలలో నిలబడి కాక, ఆ పట్టణపు వీధులలో తిరిగి తెలుసుకోవాలని నా ఉద్దేశం. ఆ సంగతులు మరొకసారి మనవి చేస్తాను. ఈ వారం మాత్రం అక్కడి సముద్రపుటొడ్డున తారసపడిన ఒక చిన్న దృశ్యాన్నీ, అది జ్ఞాపకం చేసిన ఒక తెలుగు యాత్రికుని జీవితాన్నీ పాఠకుల ముందుంచుతున్నాను.

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని వైతికుప్పం ఉంది. అది మత్స్యకారుల పేట. ఒడ్డున పడవలు, ఆరవేసిన వలలు, పొద్దు పొడవకముందే మొదలయ్యే చేపల బేరాలు, ఇదీ అక్కడి నిత్యజీవితం. అయితే ఏడాదిలో ఒక్కరోజు ఆ పేట స్వరూపమే మారిపోతుంది. తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు చుట్టుపక్కల ఆలయాల ఉత్సవమూర్తులు సముద్రస్నానానికి ఈ ఒడ్డుకు తరలివస్తారు. మైలం కొండపైనున్న సుబ్రహ్మణ్యస్వామి సైతం కొండ దిగి ఇక్కడికి చేరతాడు. దేవుడు కూడా ఏడాదికొకసారి గుడి విడిచి, దారిలోని ప్రజలను చూసి రావాలని మన పూర్వులు నియమం పెట్టారు. పాలకులకు ఆ నియమం పెట్టినవారు లేరు.

నేను వెళ్లింది ఉత్సవం రోజు కాదు. ఒడ్డున మూడు మోటారు సైకిళ్లు నిలిపి, వాటికి మూటలు బిగిస్తున్న ఆరుగురు యువకులు కనిపించారు. మాట తెలుగు, యాస గోదావరిది. యానాం పిల్లలు. పుదుచ్చేరిలో చదువు ముగించుకుని ఇంటికి వెళుతున్నారు. రైలెక్కితే మరునాటికి తేలిపోయే ప్రయాణాన్ని కోరి పక్షం రోజులకు పొడిగించుకున్నారు. తిరుపతి, కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చూసుకుని, నల్లమల దాటి కోస్తాకు దిగి యానాం చేరాలని వారి సంకల్పం. రోజుకు నూరు కిలోమీటర్లకు మించి పోరాదు, చీకటిపడ్డాక బండి నడపరాదు, నీడా నీరూ ఉండి ఊరివారు కాదనని చోట గుడారం వేసుకోవాలి. ఇవి తమలో తాము చేసుకున్న కట్టుబాట్లు. మూటలలో రెండు చిన్న గుడారాలు, ఒక స్టవ్, బియ్యం, పప్పు, ఊరగాయ సీసా ఉన్నాయి. జాతీయ రహదారులపై ద్విచక్ర వాహనాలకు టోల్ రుసుము లేదన్న విషయాన్ని, బాబాయిగారూ అంటూ, ఒక కుర్రవాడు నాకు ఎంతో సంబరంగా చెప్పాడు.

ఒక బండి పెట్రోలు ట్యాంకుపై చే గెవారా బొమ్మ అతికించి ఉంది. 1952లో స్నేహితునితో కలిసి మోటారు సైకిలుపై దక్షిణ అమెరికా తిరిగిన వైద్యవిద్యార్థి ఆయన. ఆ బండి చిలీలోనే మొరాయించింది. మిగిలిన దూరమంతా లారీలలోనూ కాలినడకనూ సాగింది. ఆయన కళ్లు తెరిపించింది బండి ప్రయాణం కన్న ఆ తరువాతి ప్రయాణమేనని చరిత్రకారులు చెబుతారు. 1959లో క్యూబా ప్రతినిధిగా ఢిల్లీ వచ్చి నెహ్రూగారిని కలుసుకున్నప్పటికి ఆయన ప్రపంచప్రసిద్ధుడు. కాని ఆ కుర్రవాళ్లు చెప్పిన దారి విన్నంతనే నాకు స్ఫురించినది చే గెవారా కాదు. తిరుపతి, కడప, అహోబిలం, ఆత్మకూరు, శ్రీశైలం, ఇదే వరుసలో, డేరాలు వేసుకుంటూ 1830లో ఒక తెలుగువాడు నడిచిన దారి అది. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. ఆ పిల్లలు ఆ పేరు వినలేదు. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనూ నలభై ఏళ్లు దాటేదాకా ఆయన గ్రంథాన్ని తెరిచి చూసినవాణ్ని కాదు.

పుదుచ్చేరిలో ఉండి వీరాస్వామయ్యగారిని తలచుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. డూప్లే దొర వద్ద దుబాసీగా ఉండిన ఆనందరంగ పిళ్లె ఈ పట్టణంవాడు. 1736 నుంచి దాదాపు పాతికేళ్లపాటు తమిళంలో దినచర్య రాశాడు. ఫ్రెంచివారి రాజకీయమంతా అందులో ఉంది. ఆయన తెలుగుకూ పోషకుడే; కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేర వెలయించాడు. అటువంటి రెండు భాషల మధ్య ఉద్యోగమే తరువాతి శతాబ్దంలో చెన్నపట్టణంలో వీరాస్వామయ్యగారిదీ. ఇద్దరూ దొరలకూ ప్రజలకూ నడుమ నిలిచినవారు. ఇద్దరూ చూసినది రాసిపెట్టినవారు. అయితే పిళ్లెగారు ప్రధానంగా కొలువును చూశారు. వీరాస్వామయ్యగారు దేశాన్ని చూశారు.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకుని, బాల్యం గడవకముందే కుంఫిణీ కార్యాలయాలలో పని నేర్చుకున్నారు. ఇంగ్లీషూ, దక్షిణదేశపు భాషలూ స్వయంకృషితో పట్టుపడ్డాయి. క్రమంగా ఎదిగి, 1801లో చెన్నపట్టణంలో నెలకొన్న సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అధిష్టించారు. నేరం మోపబడినవాడు తెలుగులో మొరపెట్టుకుంటే, న్యాయమూర్తి చెవికి అది ఇంగ్లీషులో చేరవలసింది ఈ దుబాసీ నోటినుంచే. ఒక మాట తప్పితే ఒక ప్రాణం పోవచ్చు. విన్నది విన్నట్టు, తన అభిప్రాయం కలపకుండా చెప్పడం ఆ వృత్తిధర్మం. ఆ అలవాటే తరువాత ఆయన రచనకు బలమైందని నా నమ్మకం.

1830 మే 18వ తేదీ రాత్రి ఆయన చెన్నపట్టణపు ఉత్తరభాగాన ఉన్న తండయారువేడు నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. అప్పటికి ఆయన వయస్సు యాభై. వెంట కుటుంబ స్త్రీలు, బంధువులు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, సామాను మోసే కావడివాళ్లు కలిసి సుమారు నూరుమంది ఉన్నారు. ఇంచుమించు ఆ తండయారువేడు సరిహద్దులోనే, తిరువొత్తియూరులో, 1955 తరువాత బుల్లెట్ మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ వెలిసింది. సరిహద్దు గస్తీకోసం సైన్యం కోరిన బండ్లతో మొదలైన పరిశ్రమ అది. వైతికుప్పం ఒడ్డున నేను చూసిన మూడింటిలో రెండు ఆ జాతివే. ఒకే చోటు నుంచి బయలుదేరిన రెండు ప్రయాణ సాధనాలకు నడుమ నూటపాతికేళ్ల దూరం ఉంది.

ఆనాటి ప్రయాణం ఎటువంటిదో నేటి పాఠకుడు కొంత ఊహించుకోవాలి. చీకటితోనే బయలుదేరి, ఎండ ముదిరేలోగా తరువాతి మజిలీ చేరాలి. అక్కడ చింతతోపో మామిడితోపో ఉంటే డేరాలు దించాలి. వంటకు కట్టెలు, బోయీలకు బియ్యం, గుర్రానికి ఉలవలు దొరకాలి. చెరువు ఎండిపోతే బావి వెతకాలి. ఈ కారణంగానే వీరాస్వామయ్యగారి దినచర్యలో ప్రతి ఊరికీ నాలుగు ముక్కలు తప్పవు: ఎంత దూరం, దారి ఎటువంటిది, నీటి వసతి ఏమిటి, అంగళ్లలో ఏమి దొరుకుతుంది. ఏ రాజ్యంలో ఏ నాణెం చెల్లుతుంది, మారకంలో ఎంత పోతుంది అన్నదీ గమనించారు. ఈ వివరాలను ఉత్తరాల రూపంలో చెన్నపట్టణంలోని తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. పురాణగాథలూ వేదాంతచర్చలూ కూడా ఉన్న గ్రంథమే అయినా, దానికి నేడు విలువ తెచ్చినవి ఈ నీళ్ల లెక్కలూ అంగళ్ల లెక్కలూ.

ఇందులో రాజకీయ పాఠకుడు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉంది. అది పన్ను. తిరుమల ఆలయం అప్పటికి కుంఫిణీ ప్రభుత్వపు అజమాయిషీలో ఉంది. 1843లో గాని హాథీరాంజీ మఠానికి అప్పగించలేదు. అహోబిలం, శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలోనివి. యాత్రికుల వద్ద హాసిలు వసూలు చేసుకోవడమే తప్ప గుడి గోడలు కూలుతున్నా పట్టించుకోని ఆ ప్రభుత్వపు తీరును వీరాస్వామయ్యగారు నమోదు చేశారు. పై దేశానికి పోతే ప్రయాగలో, గయలో, పూరీలో సాక్షాత్తు కుంఫిణీయే యాత్రికుల పన్ను వసూలు చేస్తున్నది. విగ్రహారాధకుల సొమ్ముతో క్రైస్తవ ప్రభుత్వం గల్లాపెట్టె నింపుకోవడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గొడవచేసిన మీదట 1840లో గాని ఆ పన్ను రద్దు కాలేదు. నవాబు కావచ్చు, కుంఫిణీ కావచ్చు. యాత్రికుని భక్తి ఇద్దరికీ ఆదాయవనరే. ఈ సమానత్వం ఏ ఒక్క క్షేత్రాన్ని చూసినవానికీ తెలియదు. వరుసగా అన్నిటి వాకిళ్లలోనూ సుంకం చెల్లించినవానికే తెలుస్తుంది.

నల్లమల ప్రయాణం ఆ గ్రంథంలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగం. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి పాత యాత్రామార్గం ఉంది. అడవి దట్టం, దారి రాళ్లమయం, భీమునికొలను వద్ద లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కాలి. పల్లకీ కన్న డోలీ అనువైన చోటు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి యాత్రికుల కోసం కట్టించిన సోపానాలే ఆ దారికి ఆధారం. ఆ అడవికి అసలు యజమానులు చెంచులు. యాత్రికులకు దారి చూపడం, దొంగల నుంచి కాపు కాయడం, అందుకు ప్రతిఫలంగా కొంత రుసుము పొందడం వారికి అనాదిగా వస్తున్న హక్కు. తరువాతి కాలంలో అడవి రిజర్వు అయింది. 1983లో పులుల అభయారణ్యమూ అయింది. పులికి రక్షణ కావలసిందే, సందేహం లేదు. కాని దారి చూపినవాడు తన అడవిలో తానే అనుమతి కోరవలసిన స్థితి వచ్చింది. ఆ యానాం పిల్లలకు నేను చెప్పగలిగిన ఒకే ఒక పనికివచ్చే సలహా కూడా ఇదే: శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి రాకపోకలు నిషిద్ధం, అడవిలో గుడారం వేయడానికి వీలులేదు, కనుక అడవి అంచు గ్రామాలలోనే ఆగాలి, ఆగినప్పుడు అక్కడి చెంచు పెద్దలతో మాట్లాడాలి.

శ్రీశైలం నుంచి మళ్లి, కృష్ణానదిని దాటి, వీరాస్వామయ్యగారు నైజాం రాజ్యంలో ప్రవేశించారు. ఆ సంగమ పరిసరాలన్నీ ఇప్పుడు శ్రీశైలం జలాశయం కింద ఉన్నాయి. 1981లో వందకు పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. పత్రికలలో ఫొటోలు వస్తాయి. మునిగిన గ్రామాలవారు ఏమయ్యారన్న ప్రశ్న మాత్రం ఫొటోతో పాటు రాదు. ప్రాజెక్టు వెలుగునిచ్చింది, నీరిచ్చింది, దాన్ని కాదనలేం. అయితే ఒకప్పుడు ఆ ప్రాంతంలో మనుషులు ఎలా ఉన్నారో చెప్పే తెలుగు సాక్ష్యాలు బహు కొద్ది. వాటిలో ఈ యాత్రికుని దినచర్య ఒకటి.

హైదరాబాదు చేరేసరికి ఆయనకు రెండు ప్రభుత్వాలు పక్కపక్కన కనిపించాయి. నగరంలో చందూలాల్ పెత్తనం, ఆయుధాలు ధరించి తిరిగే జనం. సికిందరాబాదులో కుంఫిణీ దండు, దాని క్రమశిక్షణ. అక్కడి నుంచి నిర్మల, నాగపూరు, జబల్పూరు మీదుగా వింధ్య ఘాట్లు దాటి మీర్జాపూరు, ప్రయాగ, ఆపైన గంగమీద పడవలో కాశీ చేరారు. జబల్పూరు ప్రాంతంలో థగ్గులనే దారిదోపిడీగాండ్రను స్లీమన్ దొర వేటాడుతున్న కాలమది. నూరుమంది ఒక్కటిగా కదలడం ఆడంబరం కాదు, ఆత్మరక్షణ. కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా దారిలో ఉత్తర సర్కారులు దాటి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం చేరుకున్నారు. పదిహేను మాసాలకు పైబడిన ప్రయాణం.

ఆ తిరుగుదారిని గురించి ఒక్కమాట చెప్పాలి. ఆయన కోస్తా దాటి వచ్చిన ఏడాది రెండేళ్లలోనే గుంటూరు కరువు వచ్చింది. ఐదులక్షల జనాభాగల ఆ జిల్లాలో రెండులక్షలమంది నశించారని లెక్క. అన్నం కోసం చెన్నపట్టణం వైపు నడిచినవారి శవాలు ఆ దారి పొడవునా పడి ఉన్నాయని ఆనాటి అధికారులే రాశారు. యాత్రికుడు మజిలీ చేసిన దారి, శరణార్థి ప్రాణం విడిచిన దారి ఒక్కటే. ఎక్కడ ఏ సరుకు దొరికేదో, ఏ చెరువులో నీరుండేదో ఆయన రాసిన పంక్తులను ఈ వెలుగులో చదివితే అవి కేవలం ప్రయాణ సూచనలుగా తోచవు. కరువుకు ముందటి పల్లెకు తీసిన చివరి చిత్రంగా తోస్తాయి.

వీరాస్వామయ్యగారు 1836లో మరణించారు. పచ్చయప్ప ధర్మనిధి వ్యవహారాలలో ప్రసిద్ధికెక్కిన శ్రీనివాస పిళ్లెగారే, తనకు అందిన ఉత్తరాలను కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తెలుగులో తొలి యాత్రాగ్రంథం అదేనని పండితుల అభిప్రాయం. గ్రాంథికం రాజ్యమేలుతున్న రోజులలో ఆయన తన కాలపు చెన్నపట్టణపు వాడుకమాటలతో, హిందుస్తానీ, ఇంగ్లీషు పదాలు కలగలిపి రాశారు. 1941లో దిగవల్లి వెంకటశివరావుగారు శ్రమకోర్చి, విపులమైన వివరణలతో మళ్లీ ప్రచురించి ఉండకపోతే మనలో ఎందరికి ఆ పేరు తెలిసేదో చెప్పలేను.

ఆయనను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆయన కుంఫిణీ జీతగాడు. ఇంగ్లీషువారి పాలనపై ఆయనకు విశ్వాసం మెండు. తన వర్ణమూ, తన ఉద్యోగమూ ఆయన చూపుకు హద్దులు గీశాయి. అన్నిటికీ మించి, ఆ తీరుబడి ప్రయాణం బోయీల భుజాల మీద సాగింది. నల్లమల రాళ్ల మీద దిగినవి వారి పాదాలు. దినచర్య రాయడానికి కావలసిన తీరిక పల్లకీలో కూర్చున్నవానికి దక్కింది. మోసినవారు తమ ప్రయాణాన్ని రాసుకోలేదు. రాసుకుని ఉంటే నీటి వసతి గురించి వారి లెక్క వేరుగా ఉండేదేమో. ఢిల్లీలో కూర్చుని దేశాన్ని గురించి వారం వారం రాసే నావంటివాడు ఈ మాట మరవరాదు. మా రాతలనూ ఎవరో మోస్తూనే ఉన్నారు: కబురందించే గ్రామీణ విలేకరి, కారు నడిపే డ్రైవరు, ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చే రైతు. పేరు మాత్రం మాదే పడుతుంది.

అయినా ఆయనకు మనం ఋణపడి ఉన్నాం. నమ్మిన ప్రభుత్వాన్ని సైతం అది వసూలు చేసిన సుంకంతో సహా రాసిపెట్టిన మనిషి ఆయన. మెల్లగా పోవడం వల్ల, పోయిన చోటల్లా ఒక పూట ఆగడం వల్ల, ఆగిన చోట నీళ్లడిగి తాగడం వల్ల తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి. అవి నివేదికలలో దొరకవు.

యానాం పిల్లలకు ఈ కథంతా చెప్పాను. కొంత విన్నారు, కొంత గడియారం చూసుకున్నారు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లోనూ నాలుగు సంగతులు రాసుకోండని కోరాను: తాగునీరు ఎక్కడ నుంచి వస్తుంది, కూలి రేటు ఎంత, బడి నడుస్తున్నదా, గుడారం వేయనిచ్చింది ఎవరు. ఒక కుర్రవాడు వాటిని సెల్‌ఫోనులో ఎక్కించుకున్నాడు. వెనక కూర్చోవడానికి చోటుంది, మీరూ రండి బాబాయిగారూ అని మరొకడు పిలిచాడు. నడుం నొప్పి వంక చెప్పి తప్పించుకున్నాను. మూడు బండ్లూ వైతికుప్పం సందులు దాటి ఉత్తరదిశగా మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

మరునాడు చెన్నైలో విమానమెక్కి మూడు గంటలు కాకుండానే ఢిల్లీలో దిగాను. కడప, నల్లమల, కృష్ణ, నాగపూరు, వింధ్య అన్నీ కాళ్ల కిందనుంచే వెళ్లిపోయి ఉండాలి. నాకు కనిపించినవి మబ్బులు మాత్రమే. రాష్ట్ర ప్రతిపత్తి గురించి రాయడానికి మళ్లీ పుదుచ్చేరి వెళ్లవలసి ఉంది. ఈసారి కనీసం రైలెక్కాలని నిశ్చయించుకున్నాను.